ఎడమవైపు వరుస

పూజలో ఆ చోటికి వచ్చేసరికి ప్రేమ్‌రాజ్ కళ్ళు మూసుకున్నాడు. చూసినవాళ్ళు ముసలాయన ధ్యానంలో మునిగాడనుకుంటారు. నిజానికి ఆయన చెవి ఒగ్గి వింటున్నాడు. పోపుగారి పేరు అయ్యాక ఆ మేత్రాసనం, అంటే ఆ ప్రాంతపు చర్చిలన్నిటికీ పెద్దయిన బిషప్ పేరు చెప్పి ప్రార్థించాలి. ఎంత చిన్న చర్చిలోనైనా, నలుగురే ఉన్న పూజలోనైనా ఆ పేరు తప్పదు. ఇరవై ఏళ్ళకు పైగా అక్కడ పలికిన పేరు ప్రేమ్‌రాజ్. నిరుడు క్రిస్మస్ ముందు నుంచి అది బాబురావు.

ఈ మార్పు, పూజ నడిపే ఫాదర్ ఆనందరావు నాలుకకు ఇంకా పూర్తిగా పట్టుబడలేదు. “మా పీఠాధిపతి ప్రేమ్...” దాకా వచ్చి, ఆగి, చిన్నగా దగ్గి, “బాబురావు” అని దిద్దుకునేవాడు. బల్లల మీద కూర్చున్నవాళ్ళు దాన్ని పట్టించుకునేవాళ్ళు కారు. ప్రేమ్‌రాజ్‌కు మాత్రం ఆ సగం పేరు విన్న రోజున టీ కూడా రుచిగా ఉండేది.

ఈరోజు ఆనందరావు తడబడలేదు. బాబురావు పేరు చెప్పి ముందుకు సాగిపోయాడు. ప్రేమ్‌రాజ్ కళ్ళు తెరిచాడు.

ఆ చర్చి ఫలక్‌నుమా రైలు పట్టాలకు దగ్గరగా, ఇళ్ళ మధ్య ఇరుక్కుని ఉంటుంది. ఒక పక్క వెల్డింగ్ షాపు, ఇంకో పక్క బర్రెల కొట్టం. కిటికీలు తెరిస్తే ఇనుము కాలిన వాసన, మూస్తే ఉక్కపోత. పొద్దున పూజకు వచ్చేవాళ్ళు దాదాపు అందరూ చేతిలో టిఫిన్ సంచీతోనే వస్తారు. పూజ అవగానే రైలు పట్టుకుని ఆస్పత్రులకు, ఆఫీసులకు, ఇళ్ళలో పనులకు పోతారు.

బిషప్ ఉన్నచోట పూజ ఆయనే నడపడం మర్యాద. వచ్చిన కొత్తలో ప్రేమ్‌రాజే నడిపాడు. ప్రసంగం ముందురోజే తయారు చేసుకునేవాడు. చక్కని తెలుగు, ఎక్కడా తడుముకోని గొంతు. మూడో వారానికి బల్లలు పలచబడ్డాయి. ఎందుకని వైకుంఠాన్ని అడిగాడు. వైకుంఠం చర్చి ఊడ్చి, గంట కొట్టి, ఇద్దరు ఫాదర్లకూ వంట చేసిపెట్టే మనిషి. దాచి మాట్లాడటం అతనికి రాదు.

“మీ పూజ మస్తుంటది సాబ్. గని రైలు పోతది గద” అన్నాడు.

మరునాటి నుంచి ప్రేమ్‌రాజ్ మోకాలి నొప్పి అని చెప్పి పక్కన కుర్చీ వేయించుకున్నాడు. నొప్పి ఉన్నమాట నిజమే. అది అంతకుముందు కూడా ఉంది.

ఇద్దరూ ఈ సందు పిల్లలే. ప్రేమ్‌రాజ్ తండ్రి గుండయ్య రైల్వేలో గ్యాంగ్‌మన్. ఆనందరావు తండ్రి మేస్త్రీ కింద సున్నం కలిపేవాడు. అప్పట్లో ఇక్కడ ఉన్న ఇటలీ ఫాదర్ ఇద్దరినీ ఒకే రోజు, ఒకే జీపులో, ఫాదర్లు కాబోయేవాళ్ళు చదివే గురువిద్యాలయానికి తీసుకుపోయాడు. అక్కడ మొదటి పరీక్షల్లోనే ఎవరి దారి ఏదో తేలిపోయింది. ప్రేమ్‌రాజ్‌కు లాటిన్ పాఠం ఒకసారి వింటే వచ్చేది. ఆనందరావు పాఠం మధ్యలో కిటికీ బయటికి చూసేవాడు. ప్రేమ్‌రాజ్‌ను రోముకు పంపారు. చర్చి చట్టంలో డాక్టరేటుతో తిరిగి వచ్చాడు. బిషప్‌గారి కార్యదర్శి అయ్యాడు, గురువిద్యాలయానికి అధిపతి అయ్యాడు, చివరికి బిషప్ అయ్యాడు. నర్సింగ్ కాలేజీ కట్టించాడు. ఏళ్ళుగా కోర్టులో నలుగుతున్న శ్మశానం స్థలాన్ని గెలిపించాడు. ఎవరి దగ్గరా కానుక పుచ్చుకోలేదు, ఎవరి మీదా చెయ్యి ఎత్తలేదు. ఆయన మీద ఒక్క చెడ్డమాట లేదు. ఆయన గురించి ఎవరూ చెప్పుకునే ముచ్చట కూడా లేదు.

ఆనందరావు తత్వశాస్త్రంలో తప్పి, ఏడాది ఆలస్యంగా ఫాదర్ అయ్యాడు. ప్రేమ్‌రాజ్ బిషప్ అయిన కొత్తలో, ఎవరూ రానంటున్న ఈ చర్చికి అతన్ని వేశాడు. ఫాదర్లను ఐదారేళ్ళకు ఒకసారి మార్చడం ఆనవాయితీ. ప్రతిసారీ ఆనందరావు పేరు దగ్గరికి వచ్చి ప్రేమ్‌రాజ్ దాటేసేవాడు. స్నేహితుడి మీద దయ అని మిగతా ఫాదర్లు అనుకున్నారు. అది దయ కాదని ప్రేమ్‌రాజ్‌కు తెలుసు. ఇక్కడ ఉన్నంతకాలం ఆనందరావు ఎవరికీ కనపడడు. గురువిద్యాలయంలో చదువు రాని ఆనందరావు చుట్టూ ఆటస్థలంలో పిల్లలందరూ మూగేవారు. అది ఆయన ఎన్నడూ మరిచిపోలేదు.

డెబ్బై ఐదేళ్ళు నిండగానే నియమం ప్రకారం రాజీనామా చేశాడు. ముసలి ఫాదర్లు ఉండే ఆశ్రమానికి పోకుండా పుట్టిన చోటే ఉంటానని కొత్త బిషప్‌ను అడిగి ఇక్కడికి వచ్చాడు. సాయంత్రం వరండాలో కూర్చుంటే జనం వస్తారనుకున్నాడు. గుండయ్య కొడుకు ఇంత పెద్దవాడై మన దగ్గరికే వచ్చాడని చెప్పుకుంటారనుకున్నాడు. జనం వచ్చారు. ఆయనకు వంగి దండం పెట్టి, “బాపు ఉన్నడా సాబ్?” అని అడిగి లోపలికి పోయారు. ఆనందరావు వాళ్ళకు బాపు. తను బిషప్ సాబ్.

ఇప్పుడు ఆయనకు కావలసింది చాలా చిన్నది. ఈ సందులో ఎవరో ఒకరు, ఆనందరావు పక్కనే ఉండగా, అతన్ని కాదని తన దగ్గరికి రావాలి. ఒక్కసారి వస్తే చాలు. ఈ కోరిక ఎంత సిగ్గుమాలినదో తెలుసు గనక దాన్ని ఎవరితోనూ అనలేదు. దేవుడితో కూడా అనలేదు.

ఆరోజు నెలలో మొదటి శుక్రవారం. మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకు పోయి దివ్యసత్ప్రసాదం, పూజలో ఆశీర్వదించిన అప్పం, ఇచ్చే రోజు. సాయంత్రం పాపసంకీర్తనలు, అంటే జనం వచ్చి ఒప్పుకునే పాపాలు, వినే రోజు.

“నువ్వు ఎండల యాడ తిరుగుతవురా, పండుకో” అన్నాడు ఆనందరావు, చెప్పులు తొడుక్కుంటూ. నలుగురిలో ఉన్నప్పుడు బిషప్‌గారు అంటాడు. ఇద్దరే ఉంటే చిన్నప్పటి మాటే.

“వస్తాను పద” అన్నాడు ప్రేమ్‌రాజ్.

సందుల్లో నడక నెమ్మదిగా సాగింది. ప్రేమ్‌రాజ్ మోకాలు ఒక కారణం. ఆనందరావును పలకరించనిదే ఎవరూ వదలకపోవడం రెండో కారణం. వెల్డింగ్ షాపతను కళ్ళద్దం పైకి లేపి సలాం చేశాడు. “ఫాదర్ సాబ్, షుగర్ చెక్ చేయించినవా?” అని మందుల షాపు నుంచి ఒకామె అరిచింది. “నీ టీ తాగంగనే పెరిగింది” అని ఆనందరావు తిరిగి అరిచాడు. బోనాల కోసం వేపకొమ్మలు కడుతున్న కుర్రవాళ్ళు నిచ్చెన పక్కకు జరిపి దారి ఇచ్చారు. ఆనందరావు ఆగి తోరణం ఒక పక్కకు వాలిందని చెప్పాడు. వాళ్ళు దిగి చూసి, నిజమేనని విప్పి మళ్ళీ కట్టారు. ప్రేమ్‌రాజ్ నీడలో నిలబడి ఇదంతా చూశాడు. ఆయన తెల్లటి అంగీ, నడుముకు ఎర్రంచు. చూపులు ఆ అంచు మీద పడి, మర్యాదగా పక్కకు తప్పుకున్నాయి.

చివరి ఇల్లు కృష్ణమ్మది. ఎనభై దాటిన మనిషి. తుంటి విరిగి మంచంలోనే ఉంది. కోడలు అమల ఆస్పత్రిలో ఆయాగా చేస్తుంది. ఈరోజు ఆమెకు మధ్యాహ్నం డ్యూటీ లేదు. గడప దగ్గర ముఖం తుడుచుకుంటూ ఇద్దరికీ దారి ఇచ్చింది. రాత్రంతా నిద్ర లేనట్టు ఆమె కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

“ఏంది కృష్ణమ్మా, ఇంకా ఈడనే ఉన్నవా?” అన్నాడు ఆనందరావు మంచం అంచున కూర్చుంటూ.

“ఏం జేద్దు బాపూ. మీ దేవునికి నా ఇల్లు దొరుకుతలేదు. నువ్వన్న జెర పత్తా జెప్పరాదు.”

“చెప్పిన. గా సందులకు బండి రాదన్నడు.”

ముసలామె పళ్ళు లేని నోటితో నవ్వింది. ఆనందరావు మెడలో వేలాడుతున్న చిన్న డబ్బీ తెరిచాడు. ప్రేమ్‌రాజ్ ఒక అడుగు ముందుకు వేశాడు.

“ఈరోజు నేను ఇస్తాను, ఆనందరావు.”

ఆనందరావు వెంటనే లేచి, డబ్బీ ఆయన చేతికిచ్చి పక్కకు జరిగాడు. కృష్ణమ్మ మాత్రం పెదవులు బిగించింది. ఆ ఎర్రంచు అంగీని పైనుంచి కిందికి చూసింది.

“పెద్దోళ్ళు సాబ్ మీరు. మీకెందుకు తక్లీఫ్. బాపు ఇస్తడు” అంది.

“నేను పరాయివాణ్ణి కాదమ్మా. గుండయ్య కొడుకుని. పట్టాల పక్క ఇల్లు.”

“గుండయ్య కొడుకా? గాయిన రోముకు పోయిండు బిడ్డా. మళ్ళ రాలె.”

అమల తల దించుకుంది. ఆనందరావు నవ్వు ఆపుకుంటున్నాడని ప్రేమ్‌రాజ్‌కు తెలిసింది. అది ఎగతాళి నవ్వు కాదు, ఎవరైనా నవ్వే మాటే. అయినా ఆయన గుర్తుపెట్టుకున్నాడు. డబ్బీ తిరిగి ఇచ్చేశాడు. ఆనందరావు చేతిలోనిది ముసలామె పసిపిల్లలా నోరు తెరిచి అందుకుంది.

వెళ్ళేటప్పుడు అమల గడప దాకా వచ్చింది. “బాపూ, మాపటికి ఉంటవు గద?” అని మెల్లగా అడిగింది.

“యాడికి పోత. ఉంట. రా.”

ప్రేమ్‌రాజ్ కూడా ఉంటాడు. ఆ సంగతి ఆమె అడగలేదు.

మధ్యాహ్నం వైకుంఠం పప్పు, దోసకాయ పచ్చడి వడ్డించాడు. ఆనందరావు సగంలోనే చెయ్యి కడుక్కున్నాడు. ఎడమ జబ్బ గుంజుతోందని, పొద్దున గంట తాడు లాగినందుకేమోనని అన్నాడు. వైకుంఠం జండూబామ్ తెచ్చి రాశాడు. “గంట నేను గొట్టిన, జబ్బ నీకు గుంజుతుందా బాపూ” అని విసుక్కున్నాడు.

వైకుంఠం గిన్నెలు తీసుకుని లోపలికి పోయాక ప్రేమ్‌రాజ్ అడిగాడు.

“ఒక్కొక్కరి దగ్గర అంతంతసేపు కూర్చుంటావు కదా. ఏం చెబుతావురా వాళ్ళకు?”

“ఏం జెప్తరా. ఏం జెప్ప.”

“ఏమీ చెప్పకుండానా?”

“వాళ్ళు జెప్తరు. నేను కండ్లు మూసుకుంట. ఆఖరికి పాపవిమోచన మంత్రం జదువుత. గంతె.” ఆనందరావు జబ్బ రుద్దుకున్నాడు. “నీకు మస్తు తెలుసు గనక నువ్వు జెప్తవు. నాకేం తెలుసని జెప్పాలె?”

ప్రేమ్‌రాజ్‌కు కోపం వచ్చింది. ఇది వినయం కాదు, ఏదో దాస్తున్నాడు అనుకున్నాడు. ఆయన గురువిద్యాలయంలో ఈ విషయమే ఎన్నో ఏళ్ళు బోధించాడు. పాపసంకీర్తన విన్న గురువు ఏ ప్రశ్నలు అడగాలి, ఏవి అడగకూడదు, ఏ సలహా ఇవ్వాలి. చెప్పని పాపానికి విడుదల లేదు, వినని గురువుకు విడుదల చేసే అధికారం లేదు. ఈ రెండు ముక్కలూ ఆయన దగ్గర చదువుకున్న ఫాదర్లందరికీ కంఠతా వచ్చు. ఆ తరగతిలో ఆనందరావు ఉండి ఉంటే మళ్ళీ తప్పేవాడు.

సాయంత్రం చర్చిలో రెండు కుర్చీలు వేశారు. ఎడమవైపు, పక్క తలుపు దగ్గర ఆనందరావుది. కుడివైపు, మరియమాత విగ్రహం కింద ప్రేమ్‌రాజ్‌ది. ఒక్కో కుర్చీ పక్కన చెక్క చట్రానికి బిగించిన గుడ్డ తెర. దానికి అవతల మోకరించడానికి పీట. మోకరించినవాళ్ళకు గురువు ముఖం కనపడదు. ఎదుటి వైపు నుంచి చూసేవాళ్ళకు కనపడుతుంది.

వరుస ఎడమవైపే కట్టింది. ప్రతి మొదటి శుక్రవారం అంతే. ప్రేమ్‌రాజ్ ఒడిలో ప్రార్థన పుస్తకం తెరిచి పెట్టుకున్నాడు. చదువుతున్నట్టు తల వంచి, పుస్తకం పైనుంచి ఎడమవైపు చూస్తూ ఉండేవాడు. ఆ చూడటం ఆయనకు బాగా అలవాటైంది. ఆనందరావు కుర్చీలో ఒక పక్కకు ఒరిగి, తెరకు చెవి ఆనించి, బుగ్గ కింద అరచెయ్యి పెట్టుకుంటాడు. కళ్ళు మూసి ఉంటాయి. పాపసంకీర్తన వినేటప్పుడు మెడలో వేసుకునే ఊదారంగు పట్టీ కొస తెర అవతలికి వేలాడుతుంది. అప్పుడప్పుడు తల ఆడిస్తాడు. లేచి వచ్చేవాళ్ళు కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, తేలికపడిన ముఖంతో వస్తారు. అదే ప్రేమ్‌రాజ్‌కు మింగుడుపడనిది. తన దగ్గరికి వచ్చినవాళ్ళు ఆయన బిషప్‌గా ఉన్న కాలంలో కూడా పరీక్ష రాసి వచ్చిన పిల్లల్లా లేచిపోయేవారు.

అమల వంతు వచ్చింది. తెర వెనక మోకరించింది. ఆమె వీపు, చెప్పులు విప్పిన అరికాళ్ళు మాత్రమే ప్రేమ్‌రాజ్‌కు కనపడుతున్నాయి. ఆనందరావు మామూలుగానే చెవి ఆనించాడు. ఒకసారి తల ఆడించాడు. ఇంకోసారి ఆడించాడు.

ఆమె చాలాసేపు మాట్లాడింది. ఆగి, మళ్ళీ మాట్లాడింది. వరుసలో ఉన్నవాళ్ళు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకున్నారు.

“గంత పొడుగు ఏం జేసిందే అమల?” అని వరుసలో ఎవరో గుసగుసలాడారు.

“దానివే గాదే, అత్తవి గుడ జెప్తున్నట్టుంది” అని ఇంకొకామె. కిసుక్కున నవ్వులు. వైకుంఠం నోటి మీద వేలు పెట్టాడు.

ఆనందరావు బుగ్గ కింది చెయ్యి మెల్లగా జారి ఒడిలో పడింది. తల తెరకు ఆనే ఉంది. కునుకు తీస్తున్నాడు అనుకున్నాడు ప్రేమ్‌రాజ్. అనుకుని, కాదులే, ఇంకా శ్రద్ధగా వింటున్నాడు అనుకున్నాడు. ఎంత ఓపిక. లేక ఎదురుగా తను ఉన్నానని చూపించుకోవడమా? ఒక మనిషికి ఇంత సమయం ఇస్తే వెనకవాళ్ళ గతి ఏమిటి? ఆయన పుస్తకం పేజీ తిప్పాడు.

ఫలక్‌నుమా నుంచి బయలుదేరిన రైలు కూత పెట్టింది. కిటికీ అద్దాలు కదిలాయి. అది పోయేదాకా అమల మాట ఆపి ఉంటుంది. తర్వాత ఆమె వీపు ఇంకా ముందుకు వంగింది. భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. ఆనందరావు కదలలేదు.

వరుసలోంచి ఒకామె విడివడి చర్చి మధ్యలోంచి కుడివైపుకు వచ్చింది. ఛత్రినాకలో పూలు అమ్ముకునే మున్నీ.

“బాపు దగ్గర లేటైతుంది సాబ్. ఇంటికాడ పిలగాడు ఒక్కడే ఉన్నడు. మీ దగ్గర జెప్పుకోవచ్చా?”

“రా అమ్మా. రా” అన్నాడు ప్రేమ్‌రాజ్. ఆయన గొంతు ఆయనకే కొత్తగా వినిపించింది.

మున్నీ చిన్నచిన్న తప్పులు చెప్పింది. ఆయన ఏ ప్రశ్నా అడగలేదు. చేతులు చాచి పాపవిమోచన చెప్పాడు. ఆమె లేచేసరికి ఇంకో ముసలాయన వచ్చి నిలబడి ఉన్నాడు. ఆయన వెనక మరో ఇద్దరు. ఆనందరావు అక్కడే ఉన్నాడు. అతన్ని దాటి వీళ్ళు తన దగ్గరికి వచ్చారు. ఆలస్యం వల్లనే వచ్చారు, అయినా వచ్చారు. ప్రేమ్‌రాజ్ ముసలాయన చెప్పేది వింటూనే, చూశావా అన్నట్టు ఎడమవైపు చూశాడు. ఆనందరావు కళ్ళు తెరవలేదు.

కాసేపటికి అమల తెర పక్కనుంచి తల వంచి తొంగిచూసింది. “బాపూ” అంది. ఇంకొంచెం గట్టిగా, “బాపూ, అయిపోయింది” అంది.

ఆ మాటకు వైకుంఠం నడిచి వెళ్ళి ఆనందరావు భుజం తట్టాడు. తట్టి, చెయ్యి అక్కడే ఉంచి, ప్రేమ్‌రాజ్ వైపు తిరిగాడు.

ప్రేమ్‌రాజ్ మోకాలు మరిచిపోయి నడిచాడు. ఆనందరావు నుదురు ముట్టుకున్నాడు. ఇంకా వెచ్చగానే ఉంది. చావుబతుకుల్లో ఉన్నవాళ్ళకు రాసే అవస్థ అభ్యంగనం తైలం వైకుంఠం తెచ్చి ఇచ్చాడు. నుదుటి మీద, అరచేతుల మీద రాసి, చెప్పవలసిన మాటలు చెప్పాడు. ఎక్కడా తడుముకోలేదు. సందు చివరి క్లినిక్ డాక్టరమ్మ వచ్చి నాడి చూసి, గుండె ఆగి కొంతసేపు అయిందని, బాధ పడినట్టు లేదని చెప్పింది.

తర్వాత జనం వచ్చారు. ఎవరు చెప్పారో తెలియదు. వెల్డింగ్ షాపు మూతపడింది. మందుల షాపు ఆవిడ చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చింది. బోనాల తోరణాలు కట్టిన కుర్రవాళ్ళు ఆనందరావును ఎత్తి పక్కనున్న ఫాదర్ల ఇంటికి మోసుకుపోయారు. కృష్ణమ్మను ఆమె కొడుకు కుర్చీలో కూర్చోబెట్టి, ఇంకో మనిషి సాయంతో మోసుకొచ్చాడు. “బాపూ, దేవునికి నా పత్తా జెప్పుమంటె నువ్వే పోతివా” అని ఆ ముసలామె గుండెలు బాదుకుంది. ప్రేమ్‌రాజ్ గుమ్మంలో నిలబడి విన్నాడు. తన కోసం ఇలా ఎవరూ ఏడవరు. మేత్రాసనం పత్రికలో ఫొటో వేస్తారు. నర్సింగ్ కాలేజీకి సెలవిస్తారు. చచ్చిన స్నేహితుడి పక్కన నిలబడి ఇది అనుకున్నందుకు ఆయన తన మీద తానే అసహ్యపడ్డాడు. అనుకోవడం మాత్రం ఆగలేదు.

చర్చిలో దీపాలు ఆర్పాలా అని ఎవరూ అడగలేదు. ప్రేమ్‌రాజ్ ఒక్కడే అక్కడికి తిరిగి వచ్చి కుడివైపు కుర్చీలో కూర్చున్నాడు. ఆనందరావు కోసం ప్రార్థించాలనుకున్నాడు.

అమల పక్క తలుపు నుంచి లోపలికి వచ్చింది. ఆయన ముందుకు వచ్చి నిలబడింది. తెర వెనక్కి పోలేదు.

“సాబ్, నాకు విడుదల రాలె” అంది.

“తెలుసమ్మా.”

“అంత జెప్పిన. మొత్తం జెప్పిన. ఇరవై ఏండ్ల సంది ఎవ్వరికి జెప్పంది జెప్పిన.” ఆమె ఎడమవైపు ఖాళీ కుర్చీని చూసింది. “బాపు విన్నడా సాబ్?”

ప్రేమ్‌రాజ్ తల ఎత్తి ఆమెను చూశాడు.

“ముందుగాల మా అత్తతోని లొల్లి, గవన్ని జెప్పిన. తలకాయ ఊపిండు, తెర కదిలింది. రైలొచ్చింది. గది పోయినంక అసలు ముచ్చట జెప్పిన. గప్పుడు కదిలిండో లేదో నాకు తెల్వదు. నేను ఏడ్సుకుంట ఉన్న.” ఆమె కళ్ళెత్తింది. “మళ్ళ జెప్పుమంటె జెప్త సాబ్. మీరు పెద్దోళ్ళు, రూల్ మీకు తెలుసు. గని మళ్ళొకసారి గా మాట నా నోట్లకెళ్ళి వస్తదో రాదో.”

ప్రేమ్‌రాజ్‌కు అంతా స్పష్టంగా కనపడింది. ఆనందరావు చెయ్యి జారింది. తను పేజీ తిప్పాడు. ఆ తర్వాత రైలు కూత పెట్టింది. ఈ చర్చిలో ఆ సాయంత్రం ఆనందరావును రెప్ప వేయకుండా చూసినవాడు తనొక్కడే. ఎందుకు చూశాడో కూడా ఆయనకు తెలుసు. రైలు వచ్చేసరికి ఆనందరావు లేడు. ఈమె ఇరవై ఏళ్ళు మోసిన మాటను ఏ మనిషీ వినలేదు.

చెప్పమంటే చెబుతుంది. ఈ సందులో ఎవరూ ఆనందరావుకు కూడా చెప్పనిది, తనకు చెబుతుంది. తను ఒక్కడే వింటాడు. నియమం కూడా అదే చెబుతోంది. కుర్చీ పక్కన పీట ఖాళీగా ఉంది. చెయ్యి చూపిస్తే చాలు, ఆమె మోకరిస్తుంది.

ఆయన ఆ పీట వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

“విన్నడు బిడ్డా” అన్నాడు.

“నిజంగ?”

“నేను ఎదురుంగనే కూసున్న. బాపునే చూస్తున్న. రైలు పోయినంక గుడ తల ఊపిండు.”

అమల ఆయన ముఖంలోకి చూసింది. నేల మీదే కూర్చుండిపోయి, రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. ప్రేమ్‌రాజ్ కుడిచెయ్యి ఎత్తాడు. వినని పాపానికి విడుదల చెప్పాడు. మంత్రం మధ్యలో ఒకచోట ఆయన నాలుక ఆగింది. ఆగి, మళ్ళీ సాగింది.

“బాపు ఏమన్న అంటుండెనా సాబ్? విన్నంక?” అని కళ్ళు తుడుచుకుంటూ అడిగింది.

“ఏం అనకపోతుండె.”

ఆమె తల ఆడించి లేచింది. దండం పెట్టలేదు, వంగలేదు. కొంగు సర్దుకుని, అందరూ ఉన్నచోటికి, ఏడుపు వినపడుతున్న వైపుకు వెళ్ళిపోయింది. పోతూ తలుపు దగ్గరగా వేసింది.

ప్రేమ్‌రాజ్ లేచి బల్లల మధ్యలోంచి ఎడమవైపుకు నడిచాడు. తెర కొంచెం పక్కకు ఒరిగి ఉంది. ఆనందరావును ఎత్తినప్పుడు అతని మెడలోని ఊదారంగు పట్టీ జారిపోయినట్టుంది. కుర్చీ చెయ్యికి చుట్టుకుని, తెర అవతలికి వేలాడుతోంది. దాని కొస, పీట మీద మోకరించినవాళ్ళ చేతికి అందేంత దూరంలో, ఒక పిడికిట్లో చాలాసేపు నలిగి, మెలి తిరిగి, ఇంకా తడిగా ఉంది.